సముద్రం లేని ఊళ్లో నేవీ పైలట్ల బడి

"సముద్రానికి వందల మైళ్ల దూరంలో, చికాగో పక్కనున్న గ్లెన్‌వ్యూలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో నేవీ పైలట్ల శిక్షణ బేస్ ఎందుకు పెట్టారు?" అని ఒకరు అడిగారు. నేను పదకొండేళ్లుగా గ్లెన్‌వ్యూ పక్క ఊళ్లోనే ఉంటున్నాను. మాది విశాఖపట్నం. నాన్న అక్కడ డాక్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను.

సముద్రం లేకపోవడమే ఆ చోటికి కలిసొచ్చింది. 1942లో అమెరికా తూర్పు తీరం వెంట జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతున్నాయి. ఉన్న కొద్ది విమానవాహక నౌకలూ యుద్ధంలో ఉన్నాయి. కొత్త కుర్రాళ్లకు డెక్ మీద దిగడం నేర్పాలంటే ఓడ ఏదీ? మిషిగన్ సరస్సులోకైతే శత్రువు రాలేడు. గ్లెన్‌వ్యూలో 1929 నుంచీ విమానాశ్రయం ఉంది. నేవీ వాళ్లు 1937లోనే అక్కడికి చేరారు.

ఇక ఓడలు. అక్కడి పెద్ద సరస్సుల్లో జనాన్ని తిప్పే రెండు పాత స్టీమర్లను తీసుకున్నారు. బొగ్గుతో నడిచేవి, రెండు పక్కలా పెద్ద చక్రాలు తిరిగేవి. పైన ఉన్న గదులన్నీ కొట్టేసి, చదునుగా డెక్ పరిచారు. 1913 నాటి స్టీమరు 1942 ఆగస్టులో 'వుల్వరిన్' అయింది, 1924 నాటిది 1943 మేలో 'సేబుల్' అయింది. రెండూ చికాగోలో నేవీ పియర్ అనే రేవు దగ్గర ఉండేవి. డెక్ పొడవు సుమారు 550 అడుగులు, నీళ్లకు పాతిక అడుగుల పైన మాత్రమే. లిఫ్టు లేదు, విమానాలు దాచుకునే చోటు లేదు. ఓడ వేగం తక్కువ కాబట్టి ఎదురుగాలి లేని రోజున పని ఆగిపోయేది. గ్లెన్‌వ్యూలో ఎగిరిన కుర్రాడు విల్మెట్‌లోని బహాయి మందిరం తెల్ల గుమ్మటాన్ని గుర్తు పెట్టుకుని సరస్సు మీదికి వెళ్లి, ఆ డెక్ మీద ఎనిమిదిసార్లు సరిగ్గా దిగి లేవాలి. అప్పుడే పాస్. అలా 17 వేల మందికి పైగా పాసయ్యారు, 1,16,000 సార్లకు పైగా దిగారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన సీనియర్ జార్జ్ బుష్ 1943లో 'సేబుల్' మీదే పాసయ్యారు.

వంద పైచిలుకు విమానాలు సరస్సులో పడిపోయాయి. వాటిలో కొన్నిటిని తర్వాత ఒక్కొక్కటిగా పైకి తీశారు. చల్లటి మంచినీళ్లు కాబట్టి ఏళ్ల తరబడి పాడవకుండా ఉన్నాయి. 1942లో జపాన్‌తో జరిగిన మిడ్‌వే యుద్ధం నుంచి బతికి తిరిగొచ్చిన ఒక డాంట్‌లెస్ బాంబర్ కూడా ఇక్కడ శిక్షణలో ఉండగా సరస్సులో మునిగింది. ఇప్పుడది ఫ్లోరిడాలోని పెన్సకోలా నేవీ విమానాల మ్యూజియంలో ఉంది. ఇంకొకదాన్ని, వైల్డ్‌క్యాట్ అనే ఫైటర్ విమానాన్ని, చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టు టెర్మినల్ 2లో పెట్టారు.

ఆ వైల్డ్‌క్యాట్ ముందుకే నాన్నను తీసుకెళ్లాను. నాలుగేళ్ల కిందట, ఆయన తిరుగు ప్రయాణం రోజు. విమానానికి ఇంకా మూడు గంటలుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి లేచి నిలబడ్డారు. రెక్కల కింద రివెట్లు లెక్క పెడుతున్నట్టు వంగి చూశారు. స్టీమర్ల సంగతి చెబితే, "చక్రాల పడవ మీద ఏటమ్మా విమానాలు దిగడం?" అన్నారు. డెక్‌కు అడ్డంగా తీగలు కడతారనీ, తోక దగ్గరి కొక్కెం ఆ తీగకు తగులుకోవాలనీ చెప్పబోతే ఆపేశారు. "అది నాకు తెల్దేటి? తీగ సంగతి కాదు, బాయిలర్ సంగతి చెప్పు. అంత వేగం ఎలా లాగేరు?" ఆయన బుర్ర అక్కడికే పోయింది. నాకు తెలిసిందంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

తర్వాత నాయనమ్మ మాట ఎత్తారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అప్పుడు నాయనమ్మకు పదేళ్లు. ఎడ్లబండి మీద విజయనగరం వైపు చుట్టాల ఊరికి పోయారట, ఉట్టి మీద చల్లకుండ అలాగే వదిలేసి. ఆ విమానాలు లేచింది ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి. అదే ఏడాది ఆగస్టులో అమెరికన్ నేవీ విమానాలు దాన్ని ముంచాయి. వాటిని నడిపినవాళ్లు గ్లెన్‌వ్యూలో నేర్చినవాళ్లు కారు, 'వుల్వరిన్' అప్పుడే నీళ్ల మీదికి వచ్చింది. కానీ నాన్నకు ఆ రెండూ ఒకే కథ. "మీ నాయనమ్మకి చెప్పాల్సింది" అన్నారు. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్లు.

నా మట్టుకు నాకు పసిఫిక్ యుద్ధం గెలిచింది ఈ బడిలోనే. జపాన్ దగ్గర మొదట్లో ఉన్న పైలట్లు ఆరితేరినవాళ్లు. వాళ్లు చనిపోతుంటే ఆ స్థాయి వాళ్లను మళ్లీ తయారు చేసుకోలేకపోయింది. అమెరికా మాత్రం, యుద్ధం చూసొచ్చినవాళ్లను వెనక్కి పిలిచి పిల్లలకు పాఠం చెప్పించింది. ఓడలూ బాంబులూ ఎన్నున్నా నేర్పే మనిషి లేకపోతే ఏం లాభం? మన దగ్గర పదో తరగతి లెక్కల మాస్టారి పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే ఎవరికీ పట్టదు. నాకు ఈ రెండూ వేరువేరుగా కనిపించవు.

ఇంకో బాధ. నేవీ పియర్ దగ్గర పడవ షికారు ఎక్కితే గైడు గంటసేపు గూండాల కథలు, మేడల ఎత్తులు చెప్పాడు. ఈ రెండు ఓడలూ అక్కడే ఉండేవన్న ఒక్క ముక్క రాలేదు. యుద్ధం అయ్యాక రెంటినీ తుక్కుకు అమ్మేశారు, ఒక్కటైనా ఉంచాల్సింది. బేస్‌ను 1995లో మూసేశారు. వెయ్యి ఎకరాలు దాటిన ఆ నేలలో ఇప్పుడు ఇళ్లూ, పార్కూ, దుకాణాలూ. మిగిలినవాటిలో కంటికి ఆనేది హ్యాంగర్ వన్ అనే విమానాల షెడ్డు, దాని మీద కంట్రోల్ టవరు. మనవాళ్లు వారం వారం అక్కడికి షాపింగుకు వస్తారు. అదేమిటని పిల్లలు అడిగితే "గడియారం టవర్" అంటారు.

మీరు వెళ్తే ముందు ఆ టవరు చూడండి. దగ్గర్లో బేస్ చరిత్ర మీద చిన్న మ్యూజియం ఉంది, తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్లండి. అక్కడి నుంచి తూర్పుగా విల్మెట్ వెళ్లి తెల్ల గుమ్మటం పక్కన సరస్సు ఒడ్డున కాసేపు నిలబడండి. నవంబరులో అయితే స్వెటరు చాలదు, మందపాటి కోటు వేసుకోండి. ఆ చలిలో, పడితే బయటికి దూకాలని కుర్రాళ్లు కాక్‌పిట్ మూత తెరిచి దిగేవారు.