కొరమీను, పండుగప్పకు చెక్క ఎర చేయాలంటే ఏ కర్ర మంచిది? నీళ్లు తాగకుండా ఏం పూయాలి?

నీటిపైన తేలే ఎరకు కొండపల్లి బొమ్మల పొనికి చాలు. చాలా తేలిక, కానీ మెత్తన. కొక్కెం మర బిగిస్తే పెద్ద చేప గుంజుడుకు ఊడొస్తుంది. అందుకే తల నుంచి తోక దాకా ఒకటే స్టీలు తీగ పెట్టండి. మునిగే ఎరకు టేకు ముక్క నయం. దానిలో నూనె ఉంటుంది, పూసేముందు థిన్నర్‌తో తుడవకపోతే పూత పట్టదు.

కర్ర నీడలో బాగా ఆరాలి. తడి లోపలే ఉంటే పూత పొక్కుతుంది. 120, తర్వాత 240 నంబరు గరుకు కాగితం. మొదటి సీలరు (కర్రలోకి నీళ్లు దూరకుండా మూసే పూత) థిన్నర్‌తో సగానికి సగం పల్చన చేసి పూస్తే లోపలికి ఇంకుతుంది, ఆపైన రెండు మామూలు పూతలు. చాలామంది మరిచేది తీగ రంధ్రం: నీళ్లు దూరేది అక్కడే, కర్ర ఉబ్బి రంగు పగిలేది అక్కడి నుంచే. లోపలికీ సీలరు పోయండి. రంగు ఆరాక పైన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత). కోనసీమ వానాకాలపు తేమలో అది తెల్లగా మసకేస్తుంది, పొడి రోజు చూసుకోండి.