బోరు నీరు ఎర్రబడితే ఆర్సెనిక్ ఉన్నట్టేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. రెండేళ్ల కింద వేసిన మా బోరు నీళ్లు పట్టినప్పుడు తేటగానే ఉంటాయి కానీ, బిందెలో కాసేపు ఉంచితే ఎర్రబడి అడుగున తుప్పులాంటి మడ్డి చేరుతోంది. అరవై రెండేళ్ల మా అత్తమ్మకు ఏడాదిగా అరిచేతులు మొరటుబారి పగులుతున్నాయి. ఇది నీటిలోని ఆర్సెనిక్ అనే విషపదార్థం వల్లనేనని ఫోన్‌లో ఒక వీడియోలో చెప్పారు. నీళ్లు కాచి తాగితే సరిపోతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. కాచినందువల్ల నీటిలోని ఆర్సెనిక్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత కొంత పెరుగుతుంది కూడా.

మీరు చెప్పిన ఎర్రమడ్డి ఇనుముకు గుర్తు. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము కరిగి ఉంటుంది కనుక నీరు తేటగా వస్తుంది, బయట గాలి సోకగానే తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. దీనిని ఆర్సెనిక్‌తో ముడిపెట్టడానికి కారణం లేకపోలేదు. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ ప్రాంతాల్లో హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రు రేణువులపై ఇనుప ఆక్సైడ్ల పూత ఉంటుంది, ఆ పూతను ఆర్సెనిక్ అంటిపెట్టుకొని ఉంటుంది. ఒండ్రుతో పాటు పూడిపోయిన ఆకూ అలమూ కుళ్లుతున్నప్పుడు సూక్ష్మజీవులు అక్కడి ఆక్సిజన్‌ను వాడేసి, ఆ తరువాత తమ శ్వాసక్రియకు ఇనుప ఆక్సైడ్లనే ఉపయోగించుకుంటాయి. అప్పుడు పూత కరిగి, ఇనుమూ ఆర్సెనిక్కూ కలిసి నీటిలోకి విడుదలవుతాయి. ఏ కార్ఖానా వ్యర్థమూ కలవకుండానే ఇదంతా జరుగుతుంది. చెరువుల, కుంటల నీటితో వచ్చే అతిసారం నుంచి కాపాడాలని అక్కడ లక్షలాది గొట్టపు బావులు వేయగా, వాటిలో చాలావరకు సరిగ్గా ఈ పొరల్లోకే దిగాయి. ఆ నీరు తాగినవారిలో ఆర్సెనిక్ వల్ల వచ్చే చర్మవ్యాధి బెంగాల్‌లో 1983లో బయటపడింది.

మీ ప్రాంతపు భూమి అటువంటిది కాదు. వరంగల్ చుట్టుపక్కల బోర్లు ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్ల పగుళ్లలోని నీటిని తోడుతాయి. బెంగాల్‌లోలాగా మందపాటి కొత్త ఒండ్రు పొరలు అక్కడ ఉండవు. గట్టి రాళ్లలోనూ కొన్నిచోట్ల గంధకం కలిగిన ఖనిజాల నుంచి ఆర్సెనిక్ రావచ్చు కనుక పరీక్ష అక్కరలేదని అనను. అయితే ఇనుము ఉన్న ప్రతి బోరులోనూ ఆర్సెనిక్ ఉండదు. మన గ్రానైట్ నేలల్లో నేను మొదట అనుమానించేది ఫ్లోరైడ్‌ను, దానికి రంగూ రుచీ ఉండవు.

అత్తమ్మ గారి విషయంలోనూ కాలం లెక్క అంతగా కుదరడం లేదు. ఆర్సెనిక్ వల్ల అరిచేతుల్లో, అరికాళ్లలో వచ్చే గట్టి బుడిపెలు సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు ఆ నీరు తాగాక కనిపిస్తాయి. వాటికి ముందే ఛాతీపై, వీపుపై వాన చినుకులు పడ్డట్టు నలుపు, తెలుపు మచ్చలు వస్తాయి. మీ బోరుకు రెండేళ్లే. అంతకుముందు ఏ నీరు తాగేవారో మాత్రం వైద్యునికి చెప్పండి. పగుళ్లకు సొరియాసిస్, ఎగ్జిమా, సబ్బులు, సిమెంటు, పొలం పని వంటి కారణాలే ఎక్కువగా చూస్తుంటాము. చర్మవైద్యునికి చూపించే వరకు సొంతంగా స్టెరాయిడ్ మలాములు రాయకండి.

నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్, ఇనుము మూడింటికీ పరీక్షించమని అడగండి. సీసా వారి దగ్గరే తీసుకొని, మోటారు కొంతసేపు నడిచాక, నీరు ఎర్రబడకముందే పట్టండి. ఇనుము తుప్పుగా మారేటప్పుడు ఆర్సెనిక్‌ను తనతో పాటు అడుగుకు లాగేస్తుంది కనుక, పైన తేరిన నీటిని పట్టి ఇస్తే ఫలితం తక్కువగా చూపవచ్చు. లీటరుకు ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీటిని తాగడానికీ వంటకూ మానేయాలి; స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. ఫలితం వచ్చే వరకు మిషన్ భగీరథ నల్లా నీరు అందుతుంటే దానినే తాగండి.