బ్లెండర్ యాడ్-ఆన్‌ను పంపే ముందు ఒకసారి ఆపి చూడండి

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌కు మీరు రాసిన యాడ్-ఆన్ (దానికి అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రామ్) మీ కంప్యూటర్‌లో మూడు నెలలుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోందని, దానిని యాడ్-ఆన్లను అందరితో పంచుకునే అధికారిక ఎక్స్‌టెన్షన్ల వేదికకు పంపే సమయం వచ్చిందా అని అడిగారు. నా అనుభవాన్ని బట్టి, అది బాగా నడుస్తోందా అన్నదాని కన్నా, ఆపితే పూర్తిగా ఆగుతోందా అన్నది ముందు చూసుకోవాలి.

నా మొదటి యాడ్-ఆన్, ఫైల్‌ను సేవ్ చేసిన ప్రతిసారీ ఒక నకలును వరుస సంఖ్యతో వేరే ఫోల్డర్‌లో దాచేది. ఏడాది పాటు వాడినా ఒక్క లోపమూ కనబడలేదు, ఎందుకంటే నేను దానిని ఏనాడూ ఆపలేదు. దానిని తీసుకున్న స్నేహితురాలు మొదటి రోజే ఆపింది. ఆపిన తర్వాత కూడా నకళ్లు వస్తూనే ఉన్నాయి. మళ్లీ ఆన్ చేసి సేవ్ నొక్కితే ఒకటికి రెండు వచ్చాయి. యాడ్-ఆన్‌ను ఆన్ చేసినప్పుడు నడిచే రిజిస్టర్ ఫంక్షన్‌లో సేవ్ హ్యాండ్లర్ల (సేవ్ చేసినప్పుడల్లా బ్లెండర్ పిలిచే ఫంక్షన్ల) జాబితాకు చేర్చినదాన్ని, ఆపినప్పుడు నడిచే అన్‌రిజిస్టర్‌లో తీసివేయడం నేను మరిచిపోయాను. వాడేవారు వద్దన్న పనిని వారి ఫైళ్ల మీద వారికి తెలియకుండా చేయడం చిన్న తప్పు కాదని ఆ రోజు నాకు అర్థమైంది. హ్యాండ్లర్లు, టైమర్లు, షార్ట్‌కట్ కీలు ఏవి చేర్చినా వాటన్నిటినీ తీసివేసే కోడ్ కూడా తప్పక ఉండాలి.

ఇక రెండోది, జిప్‌గా కట్టి ఫ్యాక్టరీ సెట్టింగులతో తెరిచిన బ్లెండర్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఎక్స్‌టెన్షన్‌గా మారినప్పుడు మాడ్యూల్ పేరుకు ముందు మరో పేరు చేరుతుంది కనుక, ప్రిఫరెన్సుల కోసం పాత పేరునే కోడ్‌లో రాసి ఉంటే అక్కడే ఎర్రర్ వస్తుంది. నెట్‌వర్క్ వాడుతుంటే మానిఫెస్ట్ ఫైల్‌లో (యాడ్-ఆన్ వివరాలు రాసే ఫైల్‌లో) ఆ అనుమతిని, దాని కారణాన్ని రాయాలి. వాడేవారు ఆన్‌లైన్ యాక్సెస్‌ను ఆపి ఉంచితే దానిని గౌరవించాలి. లైసెన్సు జీపీఎల్‌కు (బ్లెండర్ వాడే ఓపెన్ సోర్స్ లైసెన్సుకు) అనుగుణంగా ఉండాలి, ఎక్కడి నుంచైనా తెచ్చుకున్న కోడ్ ముక్కలకు కూడా.

బ్లెండర్‌తో పాటే వచ్చేలా చేర్చుకుంటారా అని కూడా అడిగారు. 2024 జులైలో వచ్చిన బ్లెండర్ 4.2 వెర్షన్ నుంచి, అంతకుముందు కలిపి ఇచ్చిన యాడ్-ఆన్లలో చాలా వాటిని ఈ వేదికకే తరలించారు. రిగిఫై, నోడ్ రాంగ్లర్ వంటి కొన్ని మాత్రమే లోపల మిగిలాయి. అందువల్ల ప్రస్తుతానికి ఆ ఆలోచన పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం. పైథాన్ ఏపీఐ (యాడ్-ఆన్ కోడ్ బ్లెండర్‌తో పని చేయించుకునే మార్గం) మారినప్పుడల్లా మీరే సరిచేయాల్సి ఉంటుంది కాబట్టి, వచ్చే రెండు మూడు వెర్షన్ల వరకైనా దానికి సమయం ఇవ్వగలరో లేదో ఇప్పుడే తేల్చుకోండి.

మీ అన్‌రిజిస్టర్ ఫంక్షన్‌ను ఇక్కడ పెడితే చదివి చెబుతాను.