మార్ఫింగ్ ఫోటో బెదిరింపు: డబ్బు పంపకండి అక్కా

అక్కా, అనంతపురంలో తొమ్మిదో తరగతి చదివే మీ పాపను ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైనవాడు మార్ఫింగ్ ఫోటోతో బెదిరించి ఐదు వేలు అడుగుతున్నాడని రాశారు. పంపకండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు.

పాపను తిట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు. కర్నూలులో మా చెల్లెలి కూతురికి ఇట్లే జరిగినప్పుడు మేం చేసిన తప్పు అదే. ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. మీ పాప తానుగా మీతో చెప్పింది, ఎంత ధైర్యం! ఈ రాత్రి పక్కనే పడుకోండి.

చాట్ డిలీట్ చేయకండి. వాడి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింక్, యూపీఐ ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయండి. ఆ ఫోటోను మాత్రం చుట్టాలకు కూడా పంపొద్దు.

18 ఏళ్లలోపు వాళ్లకు ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. దాంతో ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫోటోను గుర్తించి తీసేయగలవు.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు. పరువు గురించి టెన్షన్ పడొద్దు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పాప వాంగ్మూలం మీ ఇంట్లోనే ఇవ్వొచ్చు, తీసుకునే అధికారి యూనిఫాంలో రాకూడదు. పాప పేరు పత్రికల్లో వేయకూడదు.