సందేహాలు – సమాధానాలు: రాగం ‘అర్థం’ అవుతుందా?

ప్రశ్న: కచేరీ నుంచి వస్తూ మా స్నేహితురాలు ‘ఇవాళ తోడి రాగం ఆలాపన బాగా అర్థమైంది’ అంది. మాటే లేని ఆలాపనలో అర్థం ఎక్కడిదండీ? ఈ వాడుక తప్పు కాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పేం లేదమ్మా. తెలుగులో ‘అర్థం ఉండడం’ వేరు, ‘అర్థం కావడం’ వేరు. ‘మా బావగారు ఓ పట్టాన అర్థం కారు’ అంటాం. అంతమాత్రాన ఆయనకి అర్థం వెతకడానికి ఎవరూ నిఘంటువు తీయరు. మనిషి తీరు, ఆట పద్ధతి పట్టుబడినా అర్థమైందనే అంటాం. రాగమూ అంతే.

ఏం పట్టుబడుతుందంటారా? మోహన రాగం స రి గ ప ద అనే అయిదు స్వరాలతోనే నడుస్తుంది. గాయకుడు దాన్ని ఆలాపిస్తూ గాంధారం (గ) నుంచి పంచమానికి (ప) పోయే దారిలో, అందులో లేని మధ్యమాన్ని (మ) తాకాడనుకోండి. రాగం తెలిసిన శ్రోత ఉలిక్కిపడి ‘అదేంటి, కాంభోజిలోకి జారిపోయాడు!’ అంటాడు; మధ్యమం ఉన్న రాగం అది. ఏ స్వరం రావాలో, ఏది రాకూడదో అతని చెవికి ముందే తెలుసు. దాన్ని అర్థం కావడం అనక ఇంకేమంటాం?

‘సంగీతరత్నాకరం’ రాసిన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలోనే ఈ చిక్కు విడదీశాడు. పాటలోని మాటలు మాతువు, స్వరాల నడక ధాతువు. రెండూ కూర్చేవాడు వాగ్గేయకారుడు. మీరడిగే నిఘంటువు అర్థం మాతువుకే.

అయితే ‘ముఖారి రాగానికి అర్థం ఏడుపు’ లాంటి వాక్యాలతో నాకు పేచీ ఉంది. ఇంట్లో పిల్ల ఏడుపు లంకించుకుంటే ‘ముఖారి మొదలెట్టింది’ అని వేళాకోళం చేస్తాం, అది వేరు. త్యాగరాజస్వామి ‘సంగీతశాస్త్ర జ్ఞానము సారూప్య సౌఖ్యదమే మనసా’ అన్నది ఆ ముఖారిలోనే. అందులో ఏడుపేది? ‘ముఖారి శోకాన్ని పలికించగలదు’ అనండి, నాకు అభ్యంతరం లేదు.

మరి మాటతో పనే లేదా అంటే, అలా అనడానికీ వీల్లేదు. తెలుగు రాని తమిళ శ్రోతలు తరాలుగా త్యాగరాజ కృతులకు తల ఊపుతున్నారు. కానీ తమ భాషలో పాటలు వినపడాలని 1940లలో తమిళ ఇసై (తమిళ సంగీత) ఉద్యమం నడిపిందీ ఆ తమిళులే. నన్నడిగితే ఇదంతా రచనను బట్టి ఉంటుంది. క్షేత్రయ్య పదంలో మాట తెలియకపోతే సగానికి సగం పోయినట్టే. అర్థంలేని లయ శబ్దాలతోనే ఎక్కువగా నడిచే తిల్లానాలో ‘ధీం తనన’కి టీకా తాత్పర్యం అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు.