గడ్డి పచ్చబడింది, నేల ఇంకా కోలుకోలేదు

ప్రశ్న: మా మేత భూమిలో చాలా ఏళ్లు పశువులను అదుపు లేకుండా మేపాం. గడ్డి పలచబడి మట్టి బయటపడటంతో కంచె వేసి మేత ఆపేశాం. ఇప్పుడు పచ్చగానే ఉంది. కానీ నేల బిగుసుకుపోయింది, వాన నీరు ఇంకకుండా పారిపోతోంది. సూక్ష్మజీవుల ద్రావణం కొని చల్లితే ఫలితం ఉంటుందా?

జవాబు: ఏదైనా కొనే ముందు ఒక పరీక్ష చేసి చూడండి. మీ భూమి నుంచి ఎండిన మట్టిపెళ్ల ఒకటి, అదే రకం నేలలో మేత తగలని చోటు నుంచి మరొకటి తెచ్చి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. మీ భూమి పెళ్ల నిమిషాల్లో బురదై, మేత తగలని చోటిది నిలబడితే జబ్బు ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. మట్టి రేణువులను పట్టి ఉంచేవి బాక్టీరియా వదిలే జిగురు, శిలీంధ్రాల సన్నని పోగులు, గడ్డి వేళ్లు. అవి తగ్గితే వాన చినుకుకే పెళ్ల చెదిరి, ఆ మెత్తటి మన్ను రంధ్రాలను పూడ్చేస్తుంది. మీ పొలంలో నీరు పారిపోవడానికి ఇదొక పెద్ద కారణం. గిట్టల తొక్కిడి రెండోది.

ఇంతకీ ఆ జీవులు ఎందుకు తగ్గాయి? ఆకలితో. గడ్డి ఎండ నుంచి తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని వేళ్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. నేలలోని బతుకులో చాలా భాగం దాని మీదే ఆధారపడింది. ఆకును మళ్లీ మళ్లీ కొరికేస్తే మొక్క ఉన్న శక్తినంతా కొత్త ఆకుకే పెడుతుంది, వేరు ఆగిపోతుంది. అమెరికాలో క్రైడర్ అనే శాస్త్రవేత్త 1955లో ప్రచురించిన ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపించాయి. ఆకులో సగం కన్నా తక్కువ కత్తిరిస్తే వేళ్లు దాదాపు మామూలుగానే పెరిగాయి. 80 శాతం తీసేస్తే రోజుల తరబడి ఎదుగుదలే లేదు. మేత భూములున్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

వేరు తగ్గితే మొదట దెబ్బతినేవాటిలో వేళ్లతో జతకట్టి బతికే మైకోరైజా శిలీంధ్రాలు ఉంటాయి, ఎందుకంటే బతికున్న గడ్డి వేరు వాటికి ఇల్లు, అదే అన్నం. అవి లేకపోతే గడ్డికి భాస్వరం సరిగా అందదు. ఇక బిగుసుకున్న నేల వానకు తడిసినప్పుడు గాలి ఆడదు. అప్పుడు ఆక్సిజన్ లేకుండా బతకగల బాక్టీరియా నైట్రేట్‌ను, అంటే మొక్కకు అందే రూపంలోని నత్రజనిని, వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. నేలకు మిగలాల్సిన నత్రజని అలా పోతుంది.

ల్యాబ్ రిపోర్టులో 'బాక్టీరియా వైవిధ్యం బాగుంది' అని వస్తే అప్పుడే నిశ్చింతగా ఉండకండి. టిబెట్ పీఠభూమిలో దెబ్బతిన్న పచ్చిక బయళ్లపై జరిగిన కొన్ని అధ్యయనాల్లో రకాల సంఖ్య పడిపోలేదు, ఏ జీవులు ఉన్నాయన్నది మాత్రం మారిపోయింది. అందుకే రకాల లెక్క కన్నా సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, వేళ్ల నుంచి మట్టిలో చేరేది) ఎంతుందో, నీరు ఎంత త్వరగా ఇంకుతోందో నేను ముందు అడుగుతాను.

మీ అసలు ప్రశ్నకు వస్తే, డబ్బా ద్రావణం మీద డబ్బు పెట్టొద్దనే నా సలహా. తిండి లేని చోటికి కొత్త జీవులను తెచ్చి వదిలితే అవి నిలవవు. ఆరోగ్యంగా ఉన్న పచ్చిక నేల మట్టిని పలుచగా చల్లడం వేరే సంగతి. నెదర్లాండ్స్‌లో పాత సాగు భూముల మీద అలా చేస్తే అక్కడ పెరిగే మొక్కల తీరే మారిందని 2016లో వచ్చిన పరిశోధన చెబుతోంది. అయితే ఆ మట్టి కోసం మరో మంచి బయలును తవ్వి పాడుచేయకండి, గుప్పెడు గుప్పెడుగా ఖాళీ మచ్చల్లో వేస్తే చాలు. దున్నకండి, ఇప్పుడిప్పుడే అల్లుకుంటున్న శిలీంధ్రపు పోగులు తెగిపోతాయి. లోతు వేళ్ల గడ్డి, పీచు వేళ్ల గడ్డి, పప్పు జాతి మొక్కలు కలిపి విత్తనం చల్లండి.

ఓపిక మాత్రం కావాలి. ఆకు ఒకటి రెండు వానాకాలాల్లో వస్తుంది, శిలీంధ్రాలకు ఏళ్లు పడుతుంది, పోయిన కర్బనం తిరిగి చేరడానికి దశాబ్దాలు పట్టవచ్చు. పశువులను శాశ్వతంగా దూరం పెట్టాల్సిన అవసరం లేదు. గడ్డి దట్టంగా అల్లుకున్నాక కొద్దిపాటి మందను కొన్ని రోజులే వదలండి, సగం ఆకు మిగిలి ఉండగానే బయటికి తోలేయండి, మళ్లీ పూర్తిగా ఎదిగేదాకా ఆ చోటు ముట్టుకోవద్దు. నేల తడిగా ఉన్న రోజుల్లో మాత్రం అసలు వదలకండి, ఆ ఒక్క తొక్కిడికే మట్టి మళ్లీ బిగుసుకుపోతుంది.