ముందు ఆ ట్యూన్ నోటికి రానీ

ఒరేయ్ చిన్నా,

ఫ్రీ జాజ్, అదే తాళం, వరస కట్టుబాట్లు లేకుండా అప్పటికప్పుడు వాయించే జాజ్, పెడితే రెండు నిమిషాలకే తలపోటు వస్తోంది పెదనాన్నా, ఫ్రెండ్స్ ఆహా ఓహో అంటుంటే నేనూ తలూపేస్తున్నా అని రాశావు కదా, ఆ తలూపడం ముందు మానేయ్. నచ్చకపోతే నచ్చలేదని చెప్పెయ్, ఎవడూ ఏమీ అనుకోడు.

అసలు నువ్వు మొదలెట్టిందే తప్పు చోట. ఆర్నెట్ కోల్‌మన్ 1960 డిసెంబర్లో రికార్డ్ చేసిన 'ఫ్రీ జాజ్' ఆల్బమ్‌తో ఎవడన్నా మొదలెడతాడట్రా, రెండు క్వార్టెట్లు కలిపి 8 మంది, ఆపకుండా 37 నిమిషాలు! అది తర్వాత చూద్దాం. ముందు ఆల్బర్ట్ ఐలర్ 'స్పిరిచువల్ యూనిటీ' పెట్టు, 1964 జూలైలో న్యూయార్క్‌లో చేశారు, ముగ్గురే, ఐలర్ టెనర్ శాక్సఫోన్, గ్యారీ పీకాక్ డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాయిద్యం), సన్నీ మర్రే డ్రమ్స్, మొత్తం అరగంట లోపే అయిపోతుంది.

అందులో 'గోస్ట్స్' రెండుసార్లు ఉంటుంది, ఒకటి 5 నిమిషాలు, ఇంకోటి 10. చిన్నది పెట్టు. మొదట్లో ఒక ట్యూన్ వస్తుంది, పిల్లలు వీధిలో పాడుకునేంత తేలిక. అక్కడ ఆపి వెనక్కెళ్ళు, నీ నోటికొచ్చేదాకా నాలుగైదు సార్లు కూనిరాగం తీయ్, ఆ తర్వాతే ముందుకి పోనీ. ఇక ఐలర్ దాన్ని పీలికలు చేస్తాడు, అరుస్తాడు, ఏడుస్తాడు, మర్రే అసలు తాళమే పట్టుకోడు, డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్ళేల (సింబల్స్) మీద జల్లు పడుతున్నట్టు ఏదో నడుస్తూ ఉంటుంది, నువ్వు మాత్రం లోపల ఆ ట్యూన్ పాడుకుంటూనే ఉండు. చివర్లో అది తిరిగొస్తుంది చూడు... నాకైతే ఇప్పటికీ అక్కడ ఒళ్ళు జలదరిస్తుంది.

జనం కూనిరాగం తీసుకునేలా, తను చిన్నప్పుడు పాడుకున్న పాటల్లాంటివి, అందరికీ అర్థమయ్యే జానపదాల్లాంటివి వాయించాలనుందని 1966లో ఐలరే చెప్పాడు. మన ఫ్యాన్స్ మాత్రం అరుపుల దగ్గరే ఆగిపోతారు, అదే నా బాధ. ఆయన ఆర్మీ బ్యాండ్‌లో ఉండి ఫ్రాన్స్‌లో పనిచేశాడు, 1965 నాటి 'స్పిరిట్స్ రిజాయిస్' వింటే ఫ్రెంచ్ జాతీయగీతం ముక్క ఇట్టే తగులుతుంది. 'గోస్ట్స్' స్వీడన్ పాట నుంచి వచ్చిందని కొందరు, కాదు కాలిప్సో (కరీబియన్ దీవుల పాట) అని కొందరు కొట్టుకుంటారు, ఆ గొడవలోకి నువ్వు దూరకు.

ఐలర్ తర్వాత, బాస్ వాయించే చార్లీ హేడెన్ ఆల్బమ్ 'లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా' విను, 1969లో రికార్డ్ చేసింది. స్పెయిన్ అంతర్యుద్ధం నాటి పాటలు తీసుకున్నారు, అరేంజ్‌మెంట్స్ కార్లా బ్లేవి, పాత రికార్డింగుల ముక్కలు కూడా మధ్యలో వినిపిస్తాయి. హేడెన్ చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళతో కలిసి రేడియోలో కంట్రీ పాటలు పాడినవాడు, అందుకే అంత గోలలోనూ ఆయన బాస్ పాట పాడుతున్నట్టే ఉంటుంది.

ఇంకోటి, నచ్చాక ఇంటికొచ్చిన ప్రతివాడికీ వినిపించకు. నేనా తప్పు చేశా, చుట్టాలు భోంచేస్తుంటే ఐలర్‌ని పెట్టా, మా బావగారు కంచం ముందు నుంచి లేచి మోటర్ ఏమన్నా పట్టేసిందేమో అని వెళ్ళి చూసొచ్చారు. అయితే వారం తర్వాత మీ పెద్దమ్మ కొత్తిమీర ఒలుస్తూ 'గోస్ట్స్' మొదటి లైన్ తీస్తోంది, ఎక్కడిదే అది అంటే ఏమో, ఏదో పాత పాట అంది.

ఆదివారం ఫోన్ చెయ్, ట్యూన్ పాడి వినిపించాలి నాకు.

మీ పెదనాన్న